జిన్నులకు ఇల్లు చూపించిన అజీముద్దీన్

అజీముద్దీన్ రాసిన ఏ కథలోనూ జిన్ను గాలికి పోయేది కాదు. కథ ముగిసేలోగా దానికో ఇల్లు చూపించాల్సిందే. ఆ ఇల్లు ఇబ్రహీంపట్నంలోనే, కథ వింటున్నవాళ్లలో ఎవరిదో ఒకరిది కావాల్సిందే. ఆయనకున్న పిచ్చల్లా ఇదొక్కటే.

బతుకుదెరువు గిన్నెలకు కళాయి వేయడం. ఐదు పూటలా నమాజు. తీరిక చిక్కితే, దొరికిన కాగితమల్లా కథ. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ఇంటిముందు కొలిమి తిత్తి పక్కకు జరిపి, రాసింది పైకి చదివేవాడు. కళాయికి వాడిన నవాసాగరం పొగ ఇంకా పోకముందే కథలోంచి జిన్ను లేచేది. ఏడు తలలది ఒకటి, నీళ్లమీద నడిచేది ఒకటి, కోడిపెట్టను చూస్తే వణికేది ఒకటి. చదవడం అయ్యాక కాగితం మడిచి నెమ్మదిగా చుట్టూ చూసేవాడు. జిన్నుకు భయపడనివాళ్లు కూడా ఆ చూపుకు తలలు దించుకునేవాళ్లు.

"ముత్యాలూ, మీ గడ్డివాముల జాగ ఉన్నదా?"

"యాడిది సాయిబూ! ఎడ్లు మొత్తం తినె!"

"తలలు ఏడైనా కడుపు ఒక్కటే. జర సర్దుకుంటడు. రేపటి సంది ఓ ముద్ద పెట్టు."

ఇంటికి పోయాక ముత్యాలు తిట్టుకునేవాడు, ముద్ద మాత్రం పెట్టేవాడు. పెట్టకపోతే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

ఆయన భార్య ఖాదర్ బీ నుదురు కొట్టుకునేది. "మనింట్ల మాపటికి జొన్నలు లేవు. ఈయన పుట్టనే పుట్టనోళ్లకు ఇండ్లు పంచుతున్నడు. గంత భక్తి ఉన్నోనివి, ఈ జిన్నుల కథలు ఎందుకు రాస్తవయ్యా?"

"రాయకుంటే పానం ఊకుంటలేదు. రాస్తే భయమైతున్నది," అనేవాడు అజీముద్దీన్. "బొమ్మ చేసినోణ్ని ఖయామత్ నాడు, ఆఖరి తీర్పు దినాన, అల్లా అడుగుతడంట, దీనికి పానం పొయ్యి అని. నేను మాటలతోని చేస్తున్న. పానం పొయ్యలేను. నీడన్న చూపియ్యాలె గద!"

భయానికి ఆ యేడు ఊళ్లో కరువు లేదు. దొర తన కుండతో గింజలు కొలిపించుకుంటే చట్టం, కూలివాడు ఆ కుండ సరైనదేనా అని అడిగితే రాజద్రోహం. అడిగినవాళ్లు దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరారు. వాళ్లను వెతుక్కుంటూ నిజాం తరఫు రజాకార్లు వచ్చేవాళ్లు. వాళ్లు పోయాక పోలీసులు. కుక్క మొరిగితే పొయ్యిలో నీళ్లు పోసి తలుపు వేసుకునే రోజులవి.

అందరికంటే ఎక్కువ భయం నాగులమ్మది. మొగుడు పోయిన మనిషి, ఇంట్లో తను, అత్త బుగ్గమ్మ. అటక మీద మాత్రం మిరపకాయల బస్తాల వెనక తమ్ముడు ఎల్లస్వామి. మంచాల ఊరి వైపు సంఘం పనిలో కాలికి తూటా తగిలి, కుంటుకుంటూ వచ్చిపడ్డాడు. దొరికితే ప్రాణం పోతుంది. ఆ సంగతి నాగులమ్మ అత్తకు కూడా చెప్పలేదు. బుగ్గమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున అన్నంలో రాయి తగిలిందంటే మాపటికి తుర్కయాంజాల్ దాకా తెలిసేది. చూపు మందగించింది కానీ చెవులు, ముక్కు వయసులో ఉన్నవాళ్లవే.

"నాగులా, అటక మీద ఎవలో దగ్గిన్రే."

"పిల్లి, అత్తా."

"పిల్లికి బీడీ అలవాటున్నదా?"



ఆ శుక్రవారం అజీముద్దీన్ కథలో కొత్త జిన్ను వచ్చింది. ఒక కాలు కుంటిది. బీడీలు తాగుతుంది. దగ్గుతుంది. కథ ముగిసింది. అజీముద్దీన్ కాగితం మడిచి చుట్టూ చూసి, తిన్నగా నాగులమ్మ మీద చూపు నిలిపాడు.

"బిడ్డా, మీ అటక..."

"లేదు చిచ్చా!" నాగులమ్మ దాదాపు అరిచింది. "జాగ లేదు. మిరపకాయలున్నయి!"

"ఈనికి మిరపకాయలంటే మస్తు ఇష్టం."

బుగ్గమ్మ మొహం వెలిగిపోయింది. "అవ్ సాయిబూ! ఈడు మొన్ననే వచ్చిండు! దగ్గుతనే ఉన్నడు!"

"ముందుగాలనే పంపిన అక్కా. కథ రాసుడే ఆలస్యమైంది."

ఊళ్లో ఇన్ని అటకలుండగా ఈ పిచ్చి ముసలాయనకు తన అటకే కనబడిందా అని నాగులమ్మ గుండె బాదుకుంది. ఆ సాయంత్రమే పోయి బతిమాలింది. "చిచ్చా, నీ దండం పెడుత. మా ఇంట్లకెల్లి వాణ్ని తీసెయ్యి."

"ఎట్ల తీస్త బిడ్డా? ఆసరా ఇచ్చి ఎల్లగొడితే రేపు అల్లా ముందల నా అంగీ పట్టుకుంటడు."

ఈలోగా బుగ్గమ్మ ఇల్లిల్లూ తిరిగి చాటింది. మా జిన్ను రాత్రి గురక పెట్టిండు, మా జిన్నుకు పచ్చిపులుసు పడదు, మా జిన్ను కాలు జర నయమైంది. ప్రతి మాటకూ నాగులమ్మ చచ్చి బతికేది. తమ్ముణ్ని అటక మీద దాచిందో, ఊరందరి నోళ్లలో దాచిందో ఆమెకే అర్థం కాలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం రజాకార్లు వచ్చారు. కుండలు పగలగొట్టారు, బియ్యం కిందపోశారు. వాళ్ల సర్దారు అటక వైపు చూశాడు.

"పైన ఎవరు?"

నాగులమ్మ నోరు పెగల్లేదు. బుగ్గమ్మ నోటికి ఆ ఇబ్బంది ఎన్నడూ లేదు. "జిన్ను, బిడ్డా. కళాయి సాయిబు పెట్టిండు."

సర్దారు నవ్వాడు. నవ్వి, అజీముద్దీన్‌ను పట్టుకురమ్మన్నాడు. ఆయన మసి చేతులతోనే వచ్చి నిలబడ్డాడు. తుపాకీ మొన ఆయన ఛాతీకి ఆనింది.

"నమాజీవంట కదా. అల్లా మీద ప్రమాణం చేసి చెప్పు. పైన ఎవరున్నారు?"

అయిపోయింది అనుకుంది నాగులమ్మ. రాసిన జిన్నుకే అల్లా ముందు జవాబు చెప్పాలని వణికే మనిషి, ప్రమాణం చేసి అబద్ధమాడతాడా? అజీముద్దీన్ తలమీది టోపీ సర్దుకున్నాడు.

"అల్లా సాక్షి. పైన ఉన్నోనికి జాగ చూపించింది నేను. వానికి జవాబుదారి నేను. గిది నిజం. మీరు నిచ్చెన ఎక్కిన్రంటే, అటెన్క జవాబు మీది."

సర్దారు నిచ్చెన మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడు పైనుంచి తుమ్ము వినబడింది. మామూలు తుమ్ము కాదు, మిరపకాయల మధ్య పొద్దున్నుంచి ఆపుకున్న తుమ్ము. దూలం మీది దుమ్ము రాలింది.

ఎవరైనా తుమ్మితే దీవించడం అజీముద్దీన్‌కు పుట్టుకతో వచ్చిన మర్యాద. అలవాటుగా తలెత్తి, "యర్‌హముకల్లాహ్," అన్నాడు. అల్లా నిన్ను కరుణించుగాక అని.

"నూరేండ్లు బతుకు కొడుకా!" అంది బుగ్గమ్మ, తన వంతుగా.

అంత మామూలుగా పలకరించుకోవడం చూసి సర్దారు కాలు దానంతటదే కిందికి దిగింది. నిరాయుధుల ముందు తుపాకీ ఎత్తేవాడు కూడా చిన్నప్పుడు అమ్మ పక్కలో జిన్నుల కథలు వినే పెరిగాడు మరి. "మల్లొస్తం," అని గొణిగి బయటపడ్డాడు. పోతూ పోతూ కోళ్లను పట్టుకుపోయే అలవాటు కూడా ఆ రోజు మరిచిపోయారు.

నాగులమ్మ గడప మీద కూలబడింది. "చిచ్చా... నీకు ఎప్పటి సంది ఎరుక?"

"ఇద్దరు ఆడోళ్ల ఇంట్ల బీడీ వాసన వచ్చినప్పటి సంది."

"మరి ముత్యాలు గడ్డివాముల..."

"కథల ఉన్నోళ్ల సంగతి అడుగు, చెప్త," అన్నాడు అజీముద్దీన్ చేతులు తుడుచుకుంటూ. "గడ్డివాముల ఉన్నోళ్ల సంగతి అడగకు."

కాలు నయమై ఎల్లస్వామి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు భారత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం కూలింది. జనం పండగ చేసుకున్నారు. చేసుకోవాల్సిందే. కానీ దౌర్జన్యం చేసినవాళ్లు బట్టలు మార్చుకుని ఎటో పారిపోతే, వాళ్ల మీది కసి తీర్చుకోవడానికి కళాయి సాయిబులు, దూదేకులవాళ్లు దొరికారు. పేదవాడి మీద పడ్డ దెబ్బ ఎవరి చేతిదైనా దెబ్బే. ఆ మాట దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు.

ఎక్కడినుంచో కత్తులు పట్టుకుని గుంపు వస్తోందని తెలియగానే నాగులమ్మ పరుగెత్తి వెళ్లి అజీముద్దీన్‌నూ ఖాదర్ బీనీ లాక్కొచ్చింది. నిచ్చెన ఎక్కించింది. గుంపు వచ్చేసరికి బుగ్గమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది.

"అవ్వా, కళాయి సాయిబు యాడున్నడు?"

"నాకు కండ్లు కనవడయి బిడ్డా."

అప్పుడే పైనుంచి ఖాదర్ బీ గొంతు సన్నగా, కానీ స్పష్టంగా వినబడింది. "జర జరుగయ్యా, మిరపకాయలు గుచ్చుకుంటున్నయి!"

గుంపులో ముందున్నవాడు లోపలికి తొంగిచూశాడు. "పైన ఎవలు?"

"జిన్ను. ఇనలేదా? రజాకార్లను పారగొట్టింది ఈ అటకనే."

విన్నారు. ఆ సంగతి హయత్‌నగర్ దాకా పాకించింది బుగ్గమ్మే. ముందున్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "జిన్ను మొగోడన్నరు. ఆడగొంతు ఇనవడ్డది!"

"పెండ్లి చేసిన," అంది బుగ్గమ్మ, పిక్క పక్కకు పడేస్తూ. "ఎన్నొద్దులని ఒక్కడే పడుంటడు? పిల్లకే జర నోరెక్కువ. కొత్త కాపురం, ఇప్పుడు ఎక్కితే మీదవడి కరుస్తది. ఎక్కుతరా? ఎక్కున్రి."

ఎవరూ ఎక్కలేదు. ఒకడైతే పోతూ అరుగుకు దండం కూడా పెట్టాడు.

వాళ్లు కనుమరుగయ్యేదాకా ఆగి నాగులమ్మ అత్తవైపు చూసింది. "అత్తా... నువ్వు నిజంగ జిన్ననే అనుకున్నవా, అప్పుడు?"

"నీ తమ్ముని దగ్గు నాకు ఎరుక లేదానే? నీ పెండ్లి నాటి సంది దగ్గుతున్నడు. నువ్వు చెప్పకపోతివి, సాయిబు చెప్పుమన్నదాన్ని చెప్పిన."

మర్నాడు ఊరు కాస్త నెమ్మదించాక భార్యాభర్తలు కిందికి దిగారు. ఖాదర్ బీ జుట్టులోంచి మిరప తొడిమలు ఏరుకుంటోంది. అజీముద్దీన్ మొహంలో మాత్రం ప్రాణం దక్కిన సంతోషం లేదు. నిన్నటికంటే ఎక్కువ భయం కనబడుతోంది.

"అక్కా, పెద్ద తప్పు జరిగింది. నా జిన్నుకు పెండ్లి చేస్తివి. మంచిదే. మరి నిఖా ఎవలు చదివిన్రు? సాక్షులేరి? పిల్ల ఒప్పుకున్నదా లేదా అని ఖయామత్ నాడు అడిగితే నేనేం చెప్పాలె?"

బుగ్గమ్మ నోరు తెరిచేలోగానే జవాబు ఖాదర్ బీయే ఇచ్చింది, తొడిమలు ఏరుతూనే.

"ఒప్పుకున్నదని చెప్పు, ఆ పిల్లను నేనే గద. మొగని సంగతి ఎట్లున్నా, అత్త మంచిది."