దీనమ్మక్క బొటనవేలు

చపాతీ పిండి కలిపి, మెత్తబడిందో లేదోనని బొటనవేలితో నొక్కి చూస్తాను. గుంట పడి అలాగే ఉండిపోతే నా చెయ్యి ఆగిపోతుంది. దీనమ్మక్క గుర్తొస్తుంది. ఆ పూట ఇక వంట మీద మనసు నిలవదు.

అరవైల్లో మాకు మా ఊరి ఖరిదా బజారులో బియ్యం కొట్టు ఉండేది, కొట్టు వెనకే ఇల్లు. మా వెనక సందులో ఉండే దీనమ్మక్క ఆసుపత్రిలో పురుళ్ల వార్డు ఆయా. నా మొదటి కాన్పు ఏడో నెలలోనే పోయింది. అందుకని రెండోసారి నెల తప్పగానే మా అత్తగారు నన్ను మంచం దిగనివ్వలేదు. పూటపూటా నెయ్యి అన్నం, మళ్లీ పడక. ఏ పనీ చెయ్యకుండా కూడా మనిషి అంత అలసిపోవచ్చని అప్పుడే తెలిసింది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే నేనిక లేవలేననుకునేదాన్ని.

ఐదో నెలలో ఒక సాయంత్రం దీనమ్మక్క డ్యూటీ నుంచి వస్తూ లోపలికి తొంగి చూసింది. "ఏటే, ఇలగ పడున్నావు? లే, సుభాష్‌పల్లి దాకా నడిసొద్దాం."

అత్తగారు అడ్డొచ్చారు. "పోయినసారి సూసినాం గదమ్మా. మళ్లీ నడిపిస్తావేటి?"

"నడిసినందుకు పోలేదు పిన్నీ. దీనికి నడకొద్దన్నంత ఇబ్బందేటీ లేదంట, డాక్టరమ్మని అడిగొచ్చినాను."

ఆ రోజు నుంచి పొద్దుగూకే వేళ ఇద్దరం నడిచేవాళ్లం. "మాటాడతా నడు. ఆయాసానికి మాట తెగితే ఆగు," అనేది. పగలంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి, నా కోసం మళ్లీ నడిచేది. నేను నా కడుపు బరువు గురించే సణుక్కునేదాన్ని. ఆవిడ ఊఁ కొడుతూ వినేది.

ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ, నన్ను బస్తాల కాటా ఎక్కించి తూచేది. మొదటిసారి అత్తగారు గుండెలు బాదుకున్నారు. "కడుపుతో ఉన్నదాన్ని బియ్యంతోటి సమానంగా తూస్తారేటి? దిష్టి తగులుతాది."

"అయితే ముందు నన్ను తూసీండి. ఆ దిష్టేదో నాకే తగులుతాది," అని ఆవిడే కాటా ఎక్కింది. తర్వాత నా బరువు తలుపు వెనక సుద్దముక్కతో రాసింది. వారం వారం ఆ అంకెలు కొద్దికొద్దిగా పెరుగుతుంటే మా అత్తగారికీ ధైర్యం వచ్చింది.

ఎనిమిదో నెలలో, ఒక్క వారంలోనే మూడు కిలోలు పెరిగాను. అత్తగారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "నా మనవడు ఒళ్లు సేసినాడు," అంటూ పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టారు. నేనూ నవ్వాను. దీనమ్మక్క నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, చీర కొంచెం ఎత్తి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట పోలేదు.

"తలనొప్పుందేటే?"

"మూడ్రోజులుగా ఉందక్కా."

"ఇది బిడ్డ బరువు కాదు పిన్నీ, నీరు. పాయసం ఒగ్గీండి, రిక్షా పిలవండి."

ఆసుపత్రిలో రక్తపోటు చూసి వెంటనే చేర్చుకున్నారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదమే అన్నది డాక్టరమ్మ. మూడు వారాలు అక్కడే ఉన్నాను. ఆడపిల్ల పుట్టింది, చిన్నదే గానీ గట్టిగా ఏడ్చింది. మనవడని కలలు కన్న మా అత్తగారు ఆ పిల్లను ఒళ్లోంచి దించలేదు.

ఇంటికి బయలుదేరిన రోజు దీనమ్మక్క వార్డు స్టూలు మీద చతికిలబడి ఉంది. చెప్పు పట్టీ పాదంలోకి దిగిపోయి కనిపించింది.

"కాళ్లు వాసినాయేటక్కా?"

"నిలబడే పని గదే. పడుకుంటే తగ్గిపోతాది."

సరేననుకున్నాను. బిడ్డ నా చేతుల్లో ఉంది, ఇంటికి పోవాలన్న తొందరలో ఉన్నాను. మరుసటి వానాకాలం ఆవిడ పోయింది. గుండె ఎప్పటి నుంచో బలహీనమై ఉందని, ఆ వాపు అందుకేనని తర్వాత చెప్పారు.

ఇప్పుడు మా ఇంటికి కడుపుతో ఎవరొచ్చినా, కుర్చీ వేసి, ముందు కాలు నొక్కి చూస్తాను. ముసలిదాని చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆవిడ నా కాలు నొక్కి చూసింది. నేను ఆవిడ కాలు నొక్కి చూడలేదు.