మెట్రోలో మా మేనత్త

ఆ రోజుల్లో, అంటే బెంగళూరులో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మెట్రో రైలు నా సొంత ఆస్తి అన్నట్టు మాట్లాడేదాన్ని. (కార్డు ఎటువైపు ఆనించాలో అప్పటికింకా సరిగ్గా తెలియదనుకోండి.) మా ఊరు కొత్తచెరువు నుంచి మేనత్త కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వస్తే, బస్టాండు నుంచి మధ్యాహ్నం మెట్రోలోనే గదికి తీసుకెళ్లాను. పెట్టె దాదాపు ఖాళీ. అత్త చెప్పులు విడిచి, సీటు మీద బాసింపట్టు వేసుకుని, అటూ ఇటూ చూసి నొచ్చుకుంది. "ఇంత బండికి ఇంతేనా జనం? మన ఊరి ఆటోలో ఇంతకన్నా ఎక్కువమంది పడతారు కదే! ఇట్లయితే మూసేస్తారు. నువ్వు ఆఫీసుకు ఎట్ల పోతావు?"

"రేప్పొద్దున చూడత్తా" అన్నాను గొప్పగా.

చూసింది. డాక్టరు దగ్గరికి బయల్దేరితే ప్లాట్‌ఫారం నిండా జనం, వచ్చిన రైలులో అంతకు మించి. "ఖాళీగా వచ్చేది ఎక్కుదాం" అన్నాను. (ఆ వేళప్పుడు అలాంటిది రాదని నాకూ తెలుసు.) "యాడ వస్తాది? పద!" అంటూ అత్త మోచేతులు ముందు పెట్టి దూరింది. వెనకున్నవాళ్లు ఆమెను లోపలికి, నన్ను పక్కకు నెట్టారు. తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల అత్త ఏదో అరుస్తుండగానే రైలు కదిలింది. ఆమె ఫోను నా సంచిలో ఉంది. ఆమె కళ్లా, మసక.

తర్వాతి రైలెక్కాను. లైను మారే పెద్ద స్టేషన్లో పెట్టె మొత్తం దిగుతుంటే ఆ తోపులాటలో నేనూ దిగిపోయాను. కళ్లు తుడుచుకుంటూ వెతుకుతున్నాను. అంతలో మైకులో కన్నడంలో ప్రకటన: కొత్తచెరువు పాప తప్పిపోయింది, పచ్చ చుడీదారు, ఎక్కడున్నా కింద ఆఫీసు గదికి రావాలి. వెంటనే మైకు ఎవరో లాక్కున్న చప్పుడు, ఆ వెనకే తెలుగు. "పాపా, ఏడ్వొద్దు! నేను ఈడే ఉండా!"

నా మెడలో ఆఫీసు కార్డు. పక్కనే మా ఆఫీసువాళ్లు ఇద్దరు, నా పచ్చ చుడీదారు వంకే చూస్తూ.

గదిలో అత్త కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. "నేను దిగలేదే, జనమే దింపినారు. నువ్వు కనపడకపోతే ఈ అన్నకు చెప్పినా" అని ఎదురుగా ఉన్న ఉద్యోగిని చూపించింది.

"తప్పిపోయింది నువ్వత్తా, నేను కాదు!"

"నేను ఈడనే కూచోనుండా కదా! తిరుగుతాండింది ఎవురు?"

ఆయన నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

డాక్టరు దగ్గరికి ఆలస్యంగానైనా చేరాం, అత్త కళ్లు బాగయ్యాయి. ఆఫీసులో మాత్రం చాలాకాలం నా పేరు 'కొత్తచెరువు పాప'. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పటికీ పొద్దున పూట ఆ స్టేషన్లోనే దిగుతున్నాను. ఆలస్యమైతే ఫోన్లు వస్తాయి, అన్నీ పని గురించే. అప్పుడు ఆ మైకు కింద సిగ్గుతో ఎర్రబడి నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, ఆ పిల్ల మీద కాస్త అసూయగా కూడా ఉంటుంది.