బాబాయి గారి పెన్సిల్ గీత

బాబాయి గారు పోయారని ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. జర్మన్‌లోనే చెప్పింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం రాదు. ముందురోజు సాయంత్రం కుర్చీలో కూర్చునే కన్నుమూశారట. నేను ఫోన్ పెట్టేసి దేవుడి దగ్గర దీపం వెలిగించాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. జర్మనీలోని ఈ డార్మ్‌స్టాట్‌లో ఉన్న తెలుగువాళ్ళం అందరం ఆయన్ని బాబాయి గారనే పిలిచేవాళ్ళం. మేం పుట్టకముందే ఇంజనీరింగ్ చదువుకు ఈ దేశం వచ్చి ఉండిపోయిన మనిషి. రిటైరయ్యేదాకా చమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో పంపులు చూసే ఉద్యోగం చేశారు. భార్య జర్మన్ ఆవిడ, చాలా ఏళ్ళ కిందటే పోయారు. కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. ఊరి చివర ఒక పాత ఇంట్లో ఒక్కరే ఉండేవారు.

శనివారాలు మా ఇంట్లో విష్ణు సహస్రనామ పారాయణకు వచ్చేవారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, సంచీలోంచి తన ఇంటి చెప్పులు తీసి వేసుకునేవారు. మా ఇంట్లో చెప్పులు వేసుకోమని ఎన్నిసార్లు చెప్పినా నీళ్ళూ, చెప్పులూ ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటే మంచిదనేవారు. పుస్తకం చూడకుండా చదివేవారు. ఎక్కడైనా మరిచిపోతే కళ్ళు మూసుకుని కాసేపు ఆగి, మేం చదివేది విని మళ్ళీ అందుకునేవారు. తప్పు చదవడం కంటే ఆగడం నయమని ఒకసారి మా అమ్మాయితో అన్నారు.

పోయిన వసంతంలో షేర్ మార్కెట్లు కూలాయి, చమురు ధరా పడిపోయింది. పారాయణ అయ్యాక మగవాళ్ళంతా వంటింట్లో చేరి, ఒక చేతిలో పులిహోర, ఒక చేతిలో ఫోను పెట్టుకుని మాట్లాడుకునేవారు. అన్నిటికంటే ఎక్కువగా చమురు కంపెనీల షేర్ల గురించి. ఇంత చవకగా మళ్ళీ దొరకవని కొందరు, ఇంకా పడతాయని కొందరు. ఫ్యాక్టరీలో పనిచేశారు గనక బాబాయి గారినే తేల్చి చెప్పమనేవారు.

“నేను పంపులు చూశానోయ్. ధరలు చూడలేదు” అనేవారు ఆయన.

“ఇన్నేళ్ళు చమురులో మునిగి తేలారు, ఒక్క షేరయినా లేదంటే ఎలా బాబాయి గారూ?” అని ఎవరో ఆటపట్టించారు.

“నా వాటా మా ఇంటి కెల్లర్‌లో ఉంది” అన్నారు.

అందరూ నవ్వారు. నిజంగానే ఆ వారం ట్యాంకర్ లారీని పిలిపించి, ఇల్లు వెచ్చబెట్టుకునే నూనె కెల్లర్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో ఉన్న ట్యాంకు నిండా పోయించుకున్నారు. చమురు ధర పడితే ఆయన కొన్నది అదొక్కటే.

మాకు ఆ రోజుల్లో నవ్వు రాలేదు. మేమున్న అద్దె ఇంట్లోకి ఓనరు కొడుకు దిగుతాడట, దీపావళికల్లా ఖాళీ చేయమన్నారు. ఈ ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. చిన్న ఫ్లాటు ఒకటి కొనుక్కుందామనుకున్నాం. సొంత డబ్బు కొంత చూపిస్తేగాని బ్యాంకు అప్పు ఇవ్వదు. ఆ సొంత డబ్బంతా మా ఆయన చమురు షేర్లలో పెట్టి ఉన్నారు. ఏటా డివిడెండ్ వస్తుంది, భయం లేదని పెట్టారు. ఇప్పుడు అమ్మితే నష్టం, ఉంచితే ఏమవుతుందో తెలియదు. ఆయనకు నిద్ర లేదు.

మా పుట్టింట్లో ఏదీ తేలనప్పుడు చీటీలు వేసేవాళ్ళు. నేనూ అలాగే ‘అమ్మాలి’ అని ఒకటి, ‘ఉంచాలి’ అని ఒకటి రాసి, మడిచి, వేంకటేశ్వర స్వామి పాదాల దగ్గర పెట్టాను. ఆ శనివారం హారతి అయ్యాక, పెద్దవారు కదా, ఒకటి తీయమని బాబాయి గారిని అడిగాను. దేనికని అడిగితే చెప్పాను. ఆయన చాచిన చేయి వెనక్కి తీసుకున్నారు.

“నేను తీస్తే ఏది వచ్చినా స్వామి మాట అనుకుంటావమ్మా. రేపు తేడా వస్తే నీకు పూజలో మనసు నిలవదు. దీని కోసం అంత పెద్దది పోగొట్టుకోకు.”

అప్పుడు మా ఆయన వైపు తిరిగి, “ఆ డబ్బు ఎప్పుడు కావాలోయ్?” అన్నారు.

“దీపావళి లోపు.”

“షేర్లకు ఆ సంగతి తెలుసా?”

బాబాయి గారు తీర్థం పుచ్చుకుని, చెప్పులు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడు నిర్మాల్యంతో పాటు ఆ చీటీలూ తీసేశాను. విప్పి చూడలేదు.

సోమవారం షేర్లు అమ్మేశాం, నష్టానికే. కొన్ని వారాలకు ధరలు మళ్ళీ లేచాయి. మా ఆయన ముభావంగా తిరిగారు. ఒక శనివారం ఉండబట్టలేక, “మీ మాట విన్నందుకు బాగానే అయింది బాబాయి గారూ” అనేశారు. నాకు తల కొట్టేసినట్లయింది. బాబాయి గారు ఏమీ అనుకోలేదు.

“ధర నేను చెప్పలేదు కదోయ్. తారీఖు అడిగాను” అని ఇంకొంచెం పులిహోర పెట్టించుకున్నారు.

శ్రావణం చివర్లో మాకు ఈ ఫ్లాటు దొరికింది. మా తర్వాత ఇంకా కొందరు వరుసలో ఉన్నారు. బ్యాంకువాళ్ళు డబ్బు చూపించమన్న రోజున డబ్బు ఉంది, అంతే. ఉంచుకుంటే ఇంకా ఎక్కువే ఉండేదని మా ఆయన ఇప్పటికీ లెక్క వేస్తారు. అదీ నిజమే. కానీ గృహప్రవేశం నాడు ప్రసాదం డబ్బా పట్టుకుని బాబాయి గారింటికి ముందుగా వెళ్ళింది మా ఆయనే.

నేను చివరిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు బాబాయి గారు నాకు కెల్లర్ చూపించారు. తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు వెనక టార్చి పెడితే లోపల నూనె ఎర్రగా కనబడుతుంది. నెల నెలా నూనె ఎక్కడిదాకా ఉందో ట్యాంకు మీద పెన్సిల్‌తో గీత గీసేవారు. ఈ చలికాలం గట్టెక్కుతుంది, వచ్చేదానికి కూడా కొంత మిగులుతుంది అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో చంటిపిల్లాడి తృప్తి కనబడింది.

కర్మకాండ అయ్యాక ఇల్లు సర్దడానికి ఆయన కూతురికి తోడు వెళ్ళాను. బయట మంచు. తలుపు తీయగానే లోపల వెచ్చగా ఉంది. ఆయన పెట్టిన వేడి ఎవరూ తగ్గించలేదు. ఇంటి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆ అమ్మాయి పైన బట్టలు చూసుకుంటుంటే, కింద ఇల్లు వెచ్చబెట్టే నూనె బర్నర్ అంటుకున్న చప్పుడు వినబడి నేను కెల్లర్‌లోకి దిగాను. టార్చి ఆయన ఉంచే మేకుకే వేలాడుతోంది. తీసి ట్యాంకు వెనక పెట్టాను.

ఆయన గీసిన ఆఖరి గీత కంటే నూనె వేలెడు కిందికి దిగింది.