తెర మీది మూడు గంటలు

ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు ఇట్టే పట్టేస్తుందని ఆఫీసులో ఆమెను టీచరమ్మ అనేవారు. డయాలసిస్ కేంద్రానికి వచ్చే రోగులకు వాళ్ల వంతు ఎన్ని గంటలకో ఫోన్‌లో చూపించే యాప్ ఆమె చేసిందే.

అందులో ఒక లోపం ఉందని ఆమెకు ముందే తెలుసు. నర్సు వేళ మారిస్తే సర్వర్‌లో మారేది కానీ, అప్పటికే తెరిచి ఉన్న ఫోన్లలో పాత వేళే కనిపించేది. యాప్ మూసి మళ్లీ తెరిస్తేనే కొత్తది వచ్చేది. డేటా మారగానే తెర కూడా మారేలా రాయడం రెండు రోజుల పని. మూసి తెరవడం ఎవరికి రాదులే అనుకుని వాయిదా వేసింది.

ఒక సోమవారం యంత్రం ఒకటి పాడైంది. ఒక ముసలి దర్జీ వంతును మధ్యాహ్నం మూడు నుంచి ఉదయం పదికి జరిపారు. యాప్‌లో మార్చాం కదా అని నర్సు ఫోన్ చేయలేదు. ఆయన ఆ మార్పుకు ముందే, పొద్దున్నే యాప్ తెరిచి, ఫోన్‌ను కుట్టుమిషన్ పక్కన పెట్టుకుని, మాటిమాటికీ చూసుకుంటూనే ఉన్నాడు. తీరా మూడింటికి వెళ్తే ఆ రోజుకు ఖాళీ లేదన్నారు. తెల్లారేసరికి ఊపిరాడక ఆసుపత్రిలో చేరాడు.

డయాలసిస్ కేంద్రం నుంచి ఫిర్యాదు రాగానే మేనేజరు, "ఆయనే సరిగ్గా చూసుకోలేదని రాసి మూసెయ్" అన్నాడు. ఆమె అలాగే రాసింది. రాత్రి ఆ జవాబునే మళ్లీ మళ్లీ తెరిచి చదివింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్లి, ఆ యాప్ చేసింది తనేనని చెప్పుకుంది.

"ఏమనుకోకమ్మా, ఈయనకి చూపు తగ్గింది. పదిని మూడని చదువుకున్నాడు. నిన్నట్నుంచీ తిడుతూనే ఉన్నా" అంది దర్జీ భార్య.

ఆయన గోడవైపు తిరిగాడు. "కుట్టుపని మానేస్తాలే. కొలతలు కూడా తప్పే చదువుతున్నానేమో."

ఆమె మంచానికి దగ్గరగా జరిగింది. "మీ కళ్లు బాగానే ఉన్నాయి బాబాయ్. ఫోన్‌లో మూడే ఉంది. తప్పు నాది. తెలిసీ వదిలేశాను. మీదే తప్పని రాసింది కూడా నేనే."

"నిజంగా మూడే ఉందా?"

"మూడే."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. భార్య కళ్లొత్తుకుంది. "ముందే చెప్తే ఈయన్ని అన్నేసి మాటలు అనేదాన్ని కాదు కదమ్మా."

ఆమె ఆఫీసుకెళ్లి, మేనేజరు ఎగిరిపడుతున్నా వినక, ఫిర్యాదు కింద జరిగింది జరిగినట్టు రాసి తన పేరు పెట్టింది. రెండు రోజులు కూర్చుని తెరను సరిచేసింది.

దర్జీ వారంలో ఇంటికి చేరాడు, కుట్టుపని మానలేదు. ఆయన భార్య మాత్రం యాప్‌ను నమ్మకుండా ప్రతిసారీ ఫోన్ చేసి అడుగుతోందని ఒకరోజు నర్సు చెప్పింది.

"అడగనివ్వండి, విసుక్కోకండి" అంది ఆమె.