విత్తనాల బల్ల దగ్గర అనుమానాలత్త

విత్తనాల సంఘం షెడ్డులో వేరుశనగ గింజలు ఏరే పన్నెండుమంది ఆడవాళ్ళలో పెద్దామెను అందరూ అనుమానాలత్త అనేవారు. ఆ పేరు ఆమెకూ తెలుసు. తన వెనకాల ఇంకో పేరు కూడా పెట్టుకున్నారేమోనని ఆమె అనుమానం.

ఆమెకు ఈ గుణం పనిలో పట్టుకుంది. సంఘం లేని రోజుల్లో ఇరవై రెండేళ్ళు ఒక వ్యాపారి గోదాములో నేలమీద కూర్చుని గింజలు ఏరింది. ఏనాడూ పలకరించని ఆ వ్యాపారి ఒకసారి ఒక ముసలామెకు పీట వేయించి, "నడుం నొప్పిగా ఉందా అమ్మా" అని అడిగాడు. మర్నాడు ఆమెను గుమ్మంలోనే ఆపేసి ఇక రావద్దన్నాడు. అప్పటినుంచి ఎవరైనా మెత్తగా మాట్లాడితే అనుమానాలత్తకు గుండెల్లో రాయి పడేది.

తర్వాత రైతులూ గింజలు ఏరేవాళ్ళూ కలిసి సంఘం పెట్టుకున్నారు. ఎత్తు బల్లలు వచ్చాయి, ఆనుకునే కుర్చీలు వచ్చాయి, దుమ్ముకు ముక్కుగుడ్డలు ఇచ్చారు. సభలో అందరితోపాటు చెయ్యెత్తే హక్కూ వచ్చింది. "కుర్చీ సరిపోయిందా అత్తా?" అని కార్యదర్శి అమ్మాయి నవ్వుతూ అడిగిన రోజు ఆమెకు అన్నం సహించలేదు.

భయపడడానికి కారణం లేకపోలేదు. ఏడాదిగా ఆమె కళ్ళకు మంచు కమ్మినట్టు ఉంటోంది. గింజ పొట్టు చిట్లిందో, బూజు పట్టిందో ఆనవాలు దొరకడం లేదు. వేళ్ళతో తడిమి ఏరుతోంది. భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ పనే. చెబితే అది పోతుందని ఎవరికీ చెప్పలేదు.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరి బుట్టకు ఒక్కో రంగు దారం. ప్రతి సోమవారం ఒక్కో బుట్టలోంచి నూరు గింజలు తీసి, తడి గోనెగుడ్డలో చుట్టి, అదే రంగు దారం కడతారు. శనివారం విప్పి మొలకలు లెక్కపెడతారు. అప్పటిదాకా బస్తా కదలదు. ఎనభైకి తగ్గితే ఆ మనిషి విత్తనాల బల్ల నుంచి లేవాల్సిందే. మొలవని గింజ ఒక రైతు దుక్కిని పాడుచేస్తుంది మరి. అత్త దారం ఎరుపు. పక్క కుర్చీలో కూర్చునే తోటికోడలి దారం ఆకుపచ్చ. చిత్రంగా అత్త గుడ్డచుట్టలో ఏ వారమూ తొంభైకి తగ్గలేదు. దేవుడే కాస్తున్నాడనుకుని పొద్దున్నే రెండు చేతులూ జోడించేది.

ఒక సోమవారం టీ చల్లగా ఉందని అత్త మధ్యలోనే వెనక్కి వచ్చింది. అందరూ బయటే ఉన్నారు. తోటికోడలి చెయ్యి మాత్రం మోచేతిదాకా ఎర్రదారం బుట్టలో ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదక్కా. బుట్ట ఒరిగిపోతుంటే సర్దాను."

అత్తకు ఒళ్ళు మండింది. తోటికోడలి కూతురు పని కోసం ఆరునెలలుగా ఎదురుచూస్తోంది. తన బుట్టలో చచ్చుగింజలు కలిపితే కుర్చీ ఖాళీ అవుతుంది, పిల్లకు దొరుకుతుంది. లెక్క తేలిపోయింది. ఆమె ఇక అక్కడినుంచి కదల్లేదు. గింజలు తీసే వేళకు తోటికోడలు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే రెండు బుట్టల దారాలూ మార్చేసింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళనే పడనీ అనుకుంది.

శనివారం కార్యదర్శి చుట్టలు విప్పింది. ఆకుపచ్చ దారానికి తొంభై మూడు. ఎర్రదారం దగ్గర ఆమె గొంతు తగ్గింది. "అరవై ఒకటి, అత్తా."

అత్త లెక్క తిరగబడింది. ఆకుపచ్చ దారం కట్టింది తన బుట్టకే కదా, చచ్చుగింజలు అందులోనే ఉండాలి కదా?

"ఇంకోసారి లెక్కపెట్టమ్మాయ్," అంది తోటికోడలు. "అక్క బుట్టలో అంత తక్కువ ఉండదు."

"నీకెలా తెలుసు?" అత్త అలవాటుగా అందుకుంది.

తోటికోడలు కొంగు నలిపింది. "రోజూ నేను చూస్తాను కనక. నీకు చూపు ఆనడం లేదు. నువ్వు టీకి వెళ్ళినప్పుడు నీ గింజలు నా బుట్టలోకి తీసుకుని నావి నీకు పోస్తాను. తర్వాత నా బుట్టలో పడ్డ నీ గింజలు మళ్ళీ ఏరుతాను. మొన్న సోమవారం మార్చాను గానీ, నువ్వు కాపలా కుక్కలా కూర్చున్నావు, ఏరనిస్తేగా. పోతే నా బుట్టే పోవాలి. నీదెందుకు పోయిందో మరి."

షెడ్డులో అందరి చేతులూ ఆగిపోయాయి. దారాలు మారాయి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే చాలు, అరవై ఒకటి తోటికోడలిదవుతుంది, కుర్చీ దక్కుతుంది. అత్త బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"దారాలు నేనే మార్చాను. ఆ చచ్చుగింజలు నేను ఏరినవే. నాకు కనపడటం లేదు. ఏడాదయింది. ఇది చెప్పకుండా అందర్నీ దొంగల్లా చూశాను."

"నన్ను ముఖ్యంగా," అంది తోటికోడలు.

"నిన్నయితే నువ్వు కాపురానికి వచ్చినప్పట్నుంచీ."

ఎవరో కిసుక్కుమన్నారు. కార్యదర్శి మాత్రం నవ్వలేదు. "రైతుల విత్తనం అత్తా ఇది. మీరిద్దరూ దాచడం తప్పే," అంది. ఆ మధ్యాహ్నమే సభ కూడింది. చూపు బాగయ్యేదాకా అత్త బల్ల దగ్గర కూర్చోకూడదన్నారు. శుక్లాల ఆపరేషనుకు సంఘం ఆరోగ్యనిధి ఇస్తుందనీ, నెలరోజులు జీతంతో సెలవనీ, తిరిగొచ్చాక కుర్చీ ఆమెదేననీ చేతులెత్తారు.

ఇంత మెత్తగా మాట్లాడుతున్నారంటే అత్తకు మళ్ళీ గుండెల్లో రాయి పడింది. "నోటిమాట నాకొద్దు. కాగితం మీద రాయండి."

రాశారు. కార్యదర్శి చదివి వినిపించింది. అత్త ఆ కాగితం పట్టుకెళ్ళి కాటా వేసే ఆయనచేత చదివించింది. తర్వాత తోటికోడలి ముందు పెట్టింది.

"ఈ నెల నా కుర్చీలో ఎవరు కూర్చుంటారట?"

"నా కూతురే. కాగితంలో అదీ ఉంది. నువ్వొచ్చాక లేపు, లేవకపోతే జుట్టు పట్టుకు లాగు."

"చదువు ముందు."

తోటికోడలు వేలుపెట్టి అక్షరం అక్షరం చదివింది. ముగ్గురూ ఒకటే చదివారు. అత్త కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దాచమని తోటికోడలి చేతికే ఇచ్చింది.