ఇనుముకూ నిద్ర కావాలి

మా మాస్టారికి ఒకటే పిచ్చి: ఇనుముకు నిద్ర కావాలంటారు.

అల్ట్రాసోనిక్ వెల్డింగు మిషన్లకు గుండెకాయలాంటి ట్రాన్స్‌డ్యూసర్లు డిజైన్ చేయడం ఆయన పని, బిగించడం నా పని. పింగాణీ బిళ్ళల్ని రెండు లోహపు దిమ్మెల మధ్య పేర్చి, నడుమ బోల్టు వేసి బిగిస్తాం. కరెంటిస్తే బిళ్ళలు వణుకుతాయి, ఆ వణుకుతోనే ప్లాస్టిక్కు అతుక్కుంటుంది. అయితే బిగించగానే మాస్టారు దానిమీద గుడ్డ కప్పి, లైటార్పి, అందర్నీ బయటికి తోలేవారు. ఇక రెండు రోజులు ముట్టుకోకూడదు.

"ఇనుముకి నిద్రేమిటయ్యా, నా ఖర్మ!" అని ఓనరు నెత్తి బాదుకునేవాడు.

"ఒత్తిడి పడింది సార్. సర్దుకోనివ్వండి. లేకపోతే బిళ్ళలు పగుల్తాయి."

ఒకసారి ఓనరు వినకుండా కరెంటిచ్చాడు. టప్పున బిళ్ళ పగిలింది. అప్పట్నుంచి తనే ఆ గది ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో చంటిది. రాత్రంతా ఏడుపు, పగలంతా ఆర్డర్లు. నిలబడే కునుకు తీస్తున్నాను. అప్పటికే ఒక పీసు పాడుచేశాను. "ఇదీ పోయిందంటే నువ్వింక రానక్కర్లేదు" అని ఓనరు తేల్చేశాడు. నిద్రమత్తులోనే బోల్టు బిగించానో లేదో, మాస్టారు వచ్చి గుడ్డ కప్పేశారు.

"ఈసారి రెండు రోజులు కుదరదు. సాయంత్రానికి టెస్టు అయిపోవాలి!" ఓనరు అరిచాడు.

"ఇది మరీ అలిసిపోయింది సార్. కనీసం రేపు పొద్దుటిదాకా పడుకోనివ్వండి. గదిలో మనిషి అలికిడి ఉండకూడదు. నువ్వూ పోరా ఇంటికి."

పోయాను. చొక్కా కూడా విప్పకుండా పడి నిద్రపోయాను.

పొద్దున వచ్చేసరికి ట్రాన్స్‌డ్యూసర్ మిషన్ మీద బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మరి గుడ్డ కింద ఉన్నదేమిటి? ఎత్తి చూస్తే మాస్టారి భోజనం క్యారియరు!

"ఒక బిళ్ళ తిరగేసి పెట్టావురా," అన్నారాయన మెల్లగా. "బిళ్ళల మీద చుక్క పెట్టిన వైపులు ఎదురెదురుగా ఉండాలి కదా? లేకపోతే ఒకటి సాగుతుంటే ఇంకోటి ముడుచుకుంటుంది. రాత్రి పక్కగదిలో కూర్చుని విప్పి మళ్ళీ బిగించా. ఓనరు తొంగిచూస్తే అనుమానం రాకుండా క్యారియరు పెట్టా."

"మరి దానికి రెండు రోజుల నిద్ర?"

"దానికి ఒక్క పూట చాలు. మిగతాదంతా మీకు."

ఏదో అనబోయి చూస్తే, ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. స్టూలు మీదే తల వాల్చేశారు. ఆ గుడ్డే తీసి ఆయనకు కప్పి, లైటార్పి, తలుపు దగ్గరికి వేశాను.

ఎదురుగా ఓనరు, చెప్పులు చేత్తో పట్టుకుని.

"లేచిందా?"

"అది లేచి పనిలోకి దిగింది సార్. ఇంకోటి బాగా అలిసిపోయింది. మధ్యాహ్నందాకా ఎవరూ లోపలికి రాకూడదు."

ఓనరు చెవి రిక్కించాడు. "అదేంటయ్యా, గురకలా వినిపిస్తోంది?"

"సర్దుకుంటోంది సార్."