ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పట్టుకెళ్లిన తెల్లబట్ట

మా బాపు జన్మలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి ఎరగడు. నేనూ అంతే. అలాంటి మేమిద్దరం సూరత్ నుంచి ఖతర్ పోయి ప్రపంచ కప్పు మ్యాచ్ చూడబోతున్నామని తెలిసేసరికి సూరత్ ఉధ్నాలో మా గల్లీ అంతా ఒకటే నవ్వు. చాయ్ దుకాణం ముందు ఒకతను అననే అన్నాడు.

"ఏంది కాకా, సాంచాలిడిసిపెట్టి బంతాట మీద పడ్డవ్? నిక్కరేస్కొని పోతవా ఏంది?"

బాపు చాయ్ తాగుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి లేచాను. అతని తప్పు కూడా లేదు. గల్లీకి కొత్తగా వచ్చిన మనిషి, మా ఇంటి సంగతి తెలియదు.

మా అన్న ఖతర్‌లో స్టేడియం పనికి పోయాడు. కరోనా వచ్చిన మొదటి ఎండాకాలంలో అక్కడే చనిపోయాడు. విమానాలు బందు. శవాన్ని పంపే దారి లేక అక్కడే పూడ్చిపెట్టారు. మాకు ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుక్కున్న మనుషులు, జిప్పు వేసిన సంచీ, ఇసుక. మొహం చూపించలేదు. అవ్వ ఆ వీడియోను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. "వీడు నా కొడుకేనని నాకెట్ల ఎరుక?" అని అడిగేది.

మావి సాంచాల బతుకులు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి, మా తాత కాలం నుంచీ ఈ సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులోనే పుట్టి, పెరిగి, చస్తున్నాం. మా ఇళ్లలో ఎవరన్నా పోతే కొన్న బట్ట కప్పరు. ఇంటివాళ్ల చేతి మీదుగా మగ్గం దిగిన తెల్లబట్టే కప్పాలి. తండ్రో కొడుకో అన్నో తమ్ముడో నేసినది. ఊరందరికీ చీరలు నేసేవాడు తన కొడుకును ప్లాస్టిక్ సంచీలో పంపించాడు. అదీ బాపు బాధ. ఆ నెలల్లో సూరత్‌లో సాంచాలన్నీ ఆగిపోయాయి, మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడిచిపోతున్నారు. ఆ ఆగిన సాంచా ముందు బాపు ఊరికే కూర్చుని ఉండేవాడు.

రెండేళ్లు దాటాక ప్రపంచ కప్పు వచ్చింది. ఆ రోజుల్లో మ్యాచ్ టికెట్టు ఉన్నవాళ్లనే ఆ దేశంలోకి రానిస్తారని నాకు తెలిసింది. తెలిసిన రోజే, అన్న సమాధి దాకా పోవచ్చని, టికెట్ల కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అన్న పనిచేసిన స్టేడియంలో దొరకలేదు, ఇంకోదాంట్లో దొరికాయి. బాపుకు ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"వాడు కట్టింది గాదా?"

"కాదు బాపు. వేరేది."

"ఏదైతేంది. మనం పోయేది ఆటకా ఏంది?" అన్నాడు.

మర్నాడు సేఠ్‌ను బతిమాలి ఒక సాంచా మీద తెల్లబట్ట నేశాడు. నిలువెత్తు మనిషిని తల నుంచి కాళ్ల దాకా కప్పేంత. దానికి పసుపు అంటించి, మడతపెట్టి, తన చేతిసంచీలో పెట్టుకున్నాడు. చచ్చినవాడి కోసం గడప దాటించిన బట్ట మళ్లీ ఇంట్లోకి రాకూడదు. ఇంకొకరి ఇంట్లో పెట్టకూడదు. బతికున్నవాళ్లు ఒంటికి తగిలించుకోనే కూడదు. బయల్దేరేటప్పుడు అవ్వ ఆ సంచీని ముట్టుకోకుండా దూరం నుంచే దండం పెట్టింది. "కాళ్లు కనబడకుంట కప్పుండ్రి" అంది.

అక్కడ అన్నతో ఒకే గదిలో ఉన్న జగిత్యాల మనిషి మమ్మల్ని శ్మశానానికి తీసుకుపోయాడు. ఊరికి చాలా దూరం. చుట్టూ ఇసుక, తీగల కంచె, కంచె అవతల ఒకేలా ఉన్న మట్టిదిబ్బలు. గేటు దగ్గరి కాపలాదారు లోపలికి పోనివ్వలేదు. ఆఫీసు నుంచి అనుమతి కాయితం తేవాలట. ఆ రోజు శుక్రవారం, ఆఫీసుకు సెలవు. మాకు మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం. నేను హిందీలో బతిమాలాను, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను. అతను పాపం చేతులు జోడించాడు. అతనూ పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడే.

బాపు కంచె పట్టుకుని అడిగాడు. "ఏది బిడ్డా, మావోంది?"

జగిత్యాల మనిషి తల దించుకున్నాడు. "గా దిక్కుంటది కాకా. ఏదో నాకు గూడ ఎరుకలే. అప్పుడు నన్ను క్వారంటైన్ల పెట్టిండ్రు."

ఇంత దూరం వచ్చింది దీనికా? బాపు మాత్రం ఒక్కొక్క దిబ్బనూ చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"పా. ఆటకు పోదాం."

"ఇప్పుడు ఆటేంది బాపు!" అని అరిచాను.

"మరి దీన్ని పట్కొని యాడికి పోవాల్రా? గదికి తీస్కపోతనా?"

స్టేడియం గేటు దగ్గర సంచీ తనిఖీ చేశారు. బట్ట విప్పారు. విప్పితే ఎంతకూ తరగదు. బ్యానర్లు లోపలికి పోవన్నాడు అక్కడి కుర్రాడు, నేపాలీలా ఉన్నాడు. దీని మీద ఏం రాయబోతున్నారని కూడా అడిగాడు. బాపు తన సూరత్ హిందీలో "కుఛ్ నహీ లిఖ్‌నా, బేటా" అన్నాడు. మా వెనక జనం తోసుకుంటున్నారు. అందరి భుజాల మీదా జెండాలే. బాపు వాళ్లను ఒకసారి చూశాడు, కుర్రాడి చేతిలోంచి బట్ట తీసుకున్నాడు, తన భుజాల చుట్టూ కప్పుకున్నాడు.

"బాపూ, తియ్యి! తియ్యి దాన్ని! ఏం చేస్తున్నవ్?"

"ఏమైతది రా? కరోనాలనే సావలే."

కొడుకు మీద కప్పాల్సిన బట్ట కప్పుకుని మా బాపు స్టేడియం మెట్లెక్కాడు. పక్కన ఎవరో ఇది ఏ దేశం జెండా అని నవ్వుతూ అడిగారు. వాళ్ల మొహం మీద కొట్టాలనిపించింది. లోపల దీపాలు, డప్పులు, అరుపులు. ఎవరు ఎవరితో ఆడుతున్నారో నా బుర్రకు ఎక్కలేదు. బాపు ఆట చూడలేదు. వంగి, కాళ్ల కింది సిమెంటును అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు. సాంచా మీద దిగిన బట్టలో లోపముందేమోనని అలాగే నిమురుతాడు.

గోలు పడింది. అందరూ ఒక్కసారిగా లేచి గంతులేశారు. ఆ సందులో బాపు బట్ట తీసి, మా వరస ముందున్న సిమెంటు మీద పరిచాడు. ముడతలు సరిచేశాడు. కిందికి జారిన అంచును మళ్లీ పైకి లాగాడు. దండం పెట్టాడు.

"బాపు," అన్నాను. "ఇది అన్న కట్టింది కాదు."

"ఎరుకేరా. ఎవల కొడుకో కట్టిండు గద. ఆని మీద మాత్రం ఎవలు గప్పిండ్రు?"

ఆట అయిపోకముందే లేచి వచ్చేశాం. ఇలాంటిదాని తర్వాత వెనక్కి తిరిగి చూడకూడదు, మేమూ చూడలేదు. బయట రోడ్డు మీద ఉండగా సూరత్ నుంచి అవ్వ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి ఫోన్ బాపుకు అందించాను. బాపు తీసుకున్నాడు.

"కప్పిండ్రా?" అంది అవ్వ.

"కప్పినం."

"కాళ్లు కనబడకుంటనేనా?"

స్టేడియంలో మళ్లీ గోల లేచింది. అది తగ్గేదాకా బాపు ఆగాడు.

"కాళ్లు కనబడకుంటనే కప్పిన" అన్నాడు.